అంతా బయటికి తీసేశాక లోపల ఒకటి ఎందుకు మిగలాలి? (ఎనిమిదవ తరగతి, కారణాంక విభజన)

పరకాల రైతు:

సభ్యులందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా బిడ్డ ప్రభుత్వ బడిలో, తెలుగు మాధ్యమంలో ఎనిమిదవ తరగతి చదువుతోంది. మొన్నటి పరీక్షలో కారణాంక విభజన మీద వచ్చిన రెండు లెక్కల్లోనూ ఆమెకు మార్కులు తగ్గాయి. నేను పదవ తరగతి వరకు చదివినవాడినే అయినా, రాత్రి కూర్చుని చూస్తే ఆమె చేసిన తప్పేమిటో నాకూ పూర్తిగా అంతుబట్టలేదు. ఫోనులో మాటిమాటికీ అక్షరాలు మార్చడం కష్టంగా ఉన్నందున చలరాశులను క, చ అని రాస్తున్నాను.

మొదటి లెక్క 14క²చ + 21కచ² + 7కచ. ఆమె రాసిన జవాబు 7కచ(2క + 3చ). లోపల ఒకటి రాయలేదని మార్కు తీసేశారు. "మూడో పదం మొత్తం బయటికి వచ్చేసింది కదా నాన్నా, ఇంక లోపల ఏముంటుంది?" అని ఆమె అడిగితే నాకు ఆ మాట సబబుగానే తోచింది. రెండవ లెక్క 12క³చ² + 18క²చ³. దానికి ఆమె 6కచ(2క²చ + 3కచ²) అని రాసింది. నేను కాగితం మీద తిరిగి గుణించి చూస్తే అసలు సమాసమే వచ్చింది. అయినా సగం మార్కే ఇచ్చారు.

ఇంకొక సందేహం కూడా ఉంది. గ.సా.భా. అంటే గరిష్ఠ సామాన్య భాజకం కదా. గరిష్ఠం అని పేరు పెట్టుకుని, ఘాతాంకాలలో మాత్రం చిన్నదాన్ని తీసుకోమని చెప్పడం ఏమిటని ఆమె అడుగుతోంది. దయచేసి ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి.

హనుమకొండ లెక్కల టీచర్:

అన్నగారూ, మీ బిడ్డ అడిగినవి చాలా మంచి ప్రశ్నలు. ఎన్నో ఏళ్లుగా ఎనిమిదవ తరగతికి చెబుతున్నాను, ఆ ఒకటిని వదిలివేయని తరగతి నాకు ఇంతవరకు కనబడలేదు. ముందుగా దాని గురించి చెబుతాను.

"కామన్ తీయడం" అని తరగతిలో మేము వాడే మాటలోనే చిక్కు ఉంది. తీయడం అనగానే పిల్లల మనసులో డబ్బాలోంచి వస్తువును బయట పెట్టడం మెదులుతుంది, వస్తువు తీసేస్తే డబ్బా ఖాళీ అవుతుంది. కానీ ఇక్కడ మనం తీసివేత చేయడం లేదు, భాగహారం చేస్తున్నాము. ప్రతి పదాన్నీ 7కచ తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని బ్రాకెట్‌లో రాస్తున్నాము. 14క²చ ను 7కచ తో భాగిస్తే 2క వస్తుంది. 21కచ² ను భాగిస్తే 3చ వస్తుంది. 7కచ ను 7కచ తో భాగిస్తే ఒకటి వస్తుంది, సున్న రాదు. అందువల్ల జవాబు 7కచ(2క + 3చ + 1).

పిల్లలు ఈ ఒకటిని వదలడానికి మరొక కారణం కూడా ఉందని నేను గమనించాను. ఆరవ తరగతి నుంచి మేమే వారికి 1కచ అని రాయనక్కరలేదు, కచ అని రాస్తే చాలు అని నేర్పుతాము. దానితో ఒకటి అనేది ఎక్కడైనా రాయకపోయినా చెల్లుతుందన్న అలవాటు పడిపోతుంది. గుణించే ఒకటిని రాయకపోతే విలువ మారదు. కలిపే ఒకటిని రాయకపోతే విలువ మారుతుంది. బ్రాకెట్‌లో ఉన్నది కలిపే ఒకటి.

క = 1, చ = 1 అనుకుని ఆమెనే సరిచూసుకోమనండి. ఇచ్చిన సమాసం విలువ 14 + 21 + 7, అంటే 42. ఆమె రాసిన జవాబు విలువ 7 × 5, అంటే 35. తగ్గిన ఏడు ఏ పదానిదో ఆమెకే తెలుస్తుంది.

కొత్తవాడ మగ్గం:

మా ఇంట్లో మూడు తరాలుగా శత్రంజీలు నేస్తున్నారు. నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మా వాడ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ ఒకటి సంగతిని మా పిల్లలకు నేను మగ్గం దగ్గరే చూపిస్తాను.

ఒకే పడుగు మీద వరుసగా మూడు ముక్కలు నేశామనుకోండి. పడుగు ఒకటే కాబట్టి మూడింటి వెడల్పూ ఒకటే, అది 3క అడుగులు అనుకుందాం. మొదటి ముక్క పొడవు 2క అడుగులు, రెండవదాని పొడవు 3చ అడుగులు, మూడవది చిన్న ముక్క, దాని పొడవు ఒక్క అడుగు. వాటి వైశాల్యాలు వరుసగా 6క², 9కచ, 3క అవుతాయి. ముక్కలు కోయకముందు మగ్గం మీద ఉన్నది ఒకే పొడవాటి శత్రంజీ. దాని వెడల్పు 3క, పొడవు 2క + 3చ + 1. అంటే 6క² + 9కచ + 3క = 3క(2క + 3చ + 1).

ఇప్పుడు ఆ ఒకటి రాయకపోతే మూడవ ముక్కకు పొడవే లేదని చెప్పినట్లు అవుతుంది. పొడవు లేని ముక్కకు పేక ఎలా వేస్తాము? మూడవ ముక్క వైశాల్యం వెడల్పుతో సమానంగా ఉందంటే దాని పొడవు ఒక అడుగు ఉన్నట్టే. మా దగ్గరికి వచ్చే ఒక ఏడవ తరగతి బాబు టేపు పెట్టి కొలిచి, "అన్నా, అడుగు ముక్కను లెక్కలోంచి తీసేస్తే నూలు తక్కువ పడుతుంది కదా" అన్నాడు. ఆ తరువాత అతడు ఆ తప్పు చేయగా నేను చూడలేదు.

జమ్మికుంట ట్యూషన్ సార్:

టీచర్ గారు చెప్పిన వివరణ చాలా బాగుంది. అయితే సరిచూడడానికి క = 1, చ = 1 తీసుకోమనడంతో నేను ఏకీభవించలేను. ఒకటికి ఎంత ఘాతం వేసినా ఒకటే కాబట్టి ఘాతాంకంలో జరిగిన తప్పు ఆ పరీక్షకు చిక్కదు. 6క² + 9క ను ఒక విద్యార్థి 3క²(2 + 3క) అని తారుమారుగా రాశాడనుకుందాం. క = 1 పెడితే రెండు వైపులా 15 వస్తుంది, తప్పు కూడా ఒప్పులాగే కనబడుతుంది. క = 2 పెడితే అసలు సమాసం 24 + 18 = 42, అతడి జవాబు 12 × 8 = 96.

అందువల్ల నేను మా పిల్లలకు క = 2, చ = 3 తీసుకోమని చెబుతాను. పరకాల వారి మొదటి లెక్కలో అవి పెట్టి చూస్తే 168 + 378 + 42, మొత్తం 588. ఒకటి లేని జవాబు 42 × 13 = 546. ఒకటి ఉన్న జవాబు 42 × 14 = 588. తేడా 42 సరిగ్గా 7కచ విలువ. అంకెలతో ఇలా సరిచూడడం తప్పును పట్టుకోవడానికే గాని జవాబు ఒప్పని నిరూపించడానికి చాలదన్నది కూడా పిల్లలకు చెప్పాలి. నిరూపణ కావాలంటే బ్రాకెట్‌ను విభాగ న్యాయంతో విడదీసి చూడవలసిందే.

హనుమకొండ లెక్కల టీచర్:

సార్ చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. తరగతిలో సమయం సరిపోక సులువైన అంకె చెప్పడం అలవాటైపోయింది. రేపటి నుంచి మా తరగతిలోనూ రెండు, మూడు తీసుకోమంటాను.

ఇక గరిష్ఠం అంటూ చిన్న ఘాతాంకం ఎందుకు అన్న ప్రశ్న. మీ బిడ్డ బతుకమ్మ పేర్చి ఉంటుంది కాబట్టి పూలతోనే చెబుతాను. ఇద్దరు స్నేహితురాళ్లు ఉన్నారు. ఒకరి దగ్గర మూడు తంగేడు కట్టలు, రెండు గునుగు కట్టలు ఉన్నాయి. మరొకరి దగ్గర రెండు తంగేడు కట్టలు, మూడు గునుగు కట్టలు ఉన్నాయి. ఇద్దరూ అచ్చంగా ఒకే రకంగా, వీలైనంత ఎక్కువగా ఇవ్వాలని షరతు. తంగేడులో మూడు ఇవ్వమంటే రెండవ అమ్మాయి ఇవ్వలేదు, ఆమె దగ్గర ఉన్నవే రెండు. గునుగులో మూడు ఇవ్వమంటే మొదటి అమ్మాయి ఇవ్వలేదు. కాబట్టి ఒక్కొక్కరు ఇవ్వగలిగినది రెండు తంగేడు, రెండు గునుగు. తంగేడు స్థానంలో క ను, గునుగు స్థానంలో చ ను పెట్టండి. మొదటి అమ్మాయిది క³చ², రెండవ అమ్మాయిది క²చ³, ఇద్దరికీ ఉమ్మడి అయినది క²చ². మొదటి అమ్మాయి దగ్గర ఇంకా ఒక తంగేడు కట్ట, రెండవ అమ్మాయి దగ్గర ఒక గునుగు కట్ట మిగులుతాయి. బ్రాకెట్‌లో మిగిలే క, చ అవే.

ఇద్దరికీ ఉండాలన్న షరతు వల్ల తక్కువ ఉన్నవారి లెక్కే చెల్లుతుంది. ఆ షరతుకు లోబడి, దొరికినంతలో అత్యధికం తీసుకోవడమే గరిష్ఠం అన్న మాటకు అర్థం. క¹ కూడా ఉమ్మడిదే, క² కూడా ఉమ్మడిదే, వాటిలో పెద్దది క². క³ ఎంత పెద్దదైనా ఉమ్మడిది కాదు. సంఖ్యలకు కూడా ఇదే వర్తిస్తుంది. 12 = 2 × 2 × 3, 18 = 2 × 3 × 3. రెండింటిలోనూ ఉన్నది ఒక 2, ఒక 3, కనుక 6.

పరకాల రైతు:

టీచర్ గారూ, పూల లెక్క చదివి మా బిడ్డ వెంటనే నోటుబుక్కు తీసుకుని కూర్చుంది. కానీ రెండవ లెక్కకు మార్కు ఎందుకు పోయిందో నాకు ఇంకా తెలియలేదు. ఆమె రాసినది తిరిగి గుణిస్తే అసలు సమాసమే వస్తోంది కదా.

జమ్మికుంట ట్యూషన్ సార్:

నా అభిప్రాయంలో ఆ జవాబు తప్పు కాదు. 12క³చ² + 18క²చ³ = 6కచ(2క²చ + 3కచ²) అన్న సమానత్వం నూటికి నూరు పాళ్లు నిజం. ఆమె ఒక కారణాంకాన్ని గుర్తించి సరిగా బయటికి తీసింది. నేనైతే ముప్పావు మార్కు ఇచ్చేవాడిని.

హనుమకొండ లెక్కల టీచర్:

సమానత్వం నిజమే, కానీ పని పూర్తి కాలేదు. భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాయమన్నప్పుడు 12/18 ను 6/9 అని రాస్తే విలువ మారలేదని పూర్తి మార్కులు ఇస్తామా? బ్రాకెట్ లోపల ఇంకా కచ ఉమ్మడిగా ఉండిపోయింది. అయితే సగం మార్కు కన్నా ఎక్కువ ఇవ్వవచ్చన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, ఎందుకంటే ఆమె వేసిన అడుగు సరైన దిశలోనే ఉంది.

ఇక్కడ బిడ్డకు ఒక ధైర్యం చెప్పాలనిపిస్తోంది. మొదటిసారే గరిష్ఠాన్ని పట్టుకోలేకపోతే రాసినదాన్ని కొట్టివేయనక్కరలేదు. 6కచ(2క²చ + 3కచ²) దగ్గర ఆగకుండా లోపలికి మళ్లీ చూస్తే కచ కనబడుతుంది. దాన్ని కూడా బయటికి తెస్తే 6కచ × కచ(2క + 3చ), అంటే 6క²చ²(2క + 3చ). రెండు మెట్లలో ఎక్కినా మూడు మెట్లలో ఎక్కినా చేరేది అక్కడికే. బ్రాకెట్‌లోని పదాలన్నింటికీ ఉమ్మడిగా ఒకటి తప్ప ఇంకేమీ లేనప్పుడు గ.సా.భా. తీయడం పూర్తయినట్లు.

కాజీపేట లెక్చరర్:

చర్చ చాలా శ్రద్ధగా సాగుతోంది. రెండు మాటలు చేర్చాలనుకుంటున్నాను. వీటిలో మొదటిది ఎనిమిదవ తరగతికి కొంచెం పైస్థాయిది.

బీజగణితంలో గరిష్ఠం అన్నప్పుడు విలువలో పెద్దది అని అర్థం కాదు. క విలువ 1/2 అయితే క² విలువ 1/4, అంటే క కన్నా చిన్నది. అయినా క³, క² ల గ.సా.భా. క² అనే అంటాము. ఘాతంలో పెద్దది, మిగిలిన ఉమ్మడి కారణాంకాలన్నీ దానిలో ఇమిడిపోయేది అన్న అర్థంలో అది గరిష్ఠం. ఇలాగే 6క, 4చ ల గ.సా.భా. 2. క = 2, చ = 3 అనుకుంటే ఆ రెండు పదాల విలువలూ 12 అయిపోతాయి, ఆ సంఖ్యల గ.సా.భా. 12 అవుతుంది. దీన్ని చూసి కొందరు డిగ్రీ విద్యార్థులు కూడా తికమకపడతారు. ఆ 12 ఆ రెండు విలువలకు మాత్రమే పరిమితమైన కాకతాళీయం. చలరాశులకు ఏ పూర్ణాంకాలు ఇచ్చినా రెండు పదాలనూ తప్పకుండా భాగించేది 2 మాత్రమే.

పరకాల వారు క, చ అని రాయడం చూసి సంతోషం కలిగింది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితం రాసినప్పుడు తెలియని రాశులను యావత్తావత్, కాలక, నీలక అని పిలిచి యా, కా, నీ అనే మొదటి అక్షరాలతోనే గుర్తించాడు. కాలక అంటే నలుపు, నీలక అంటే నీలం. రంగుల పేర్లతో రాశులను వేరుచేయడం మన పాత పద్ధతి.

రెండవ మాట, దీని ఉపయోగం గురించి. క² + క లోంచి క ను ఉమ్మడిగా తీస్తే క(క + 1). అది రెండు వరుస సంఖ్యల లబ్ధం, వాటిలో ఒకటి తప్పక సరిసంఖ్య. కాబట్టి క ఏ పూర్ణాంకమైనా క² + క సరిసంఖ్యే. ఇక్కడ కూడా ఆ ఒకటిని వదిలివేస్తే క × క మిగిలి, ఈ నిజమంతా చేజారిపోతుంది. క³ − క లోంచి క ను తీస్తే క(క² − 1). క² − 1 ని మళ్లీ విడదీస్తే (క − 1)(క + 1). మూడు వరుస సంఖ్యల లబ్ధం వచ్చింది కనుక అది ఎప్పుడూ 6 తో నిశ్శేషంగా భాగించబడుతుంది. బిడ్డను 2 నుంచి 7 వరకు పెట్టి చూడమనండి. 6, 24, 60, 120, 210, 336 వస్తాయి.

పరకాల రైతు:

లెక్చరర్ గారూ, మీరు ఉపయోగం అన్నాక నాకు ఒక సంగతి తట్టింది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయినప్పుడు రెండు బండ్ల సరుకుకు ఒకే ధర పడితే, నేను తూకాలు రెండూ కలిపి ఒక్కసారే గుణిస్తాను. ఒక బండిలో 17 క్వింటాళ్లు, మరొక బండిలో 23 క్వింటాళ్లు, క్వింటాలు 7,000 రూపాయలు అనుకుందాం. 7,000 × 17 ను, 7,000 × 23 ను విడివిడిగా చేయడం ఎందుకు? 7,000 × 40 అంటే 2,80,000. ఇన్నాళ్లూ నేను చేస్తున్నది ఉమ్మడి కారణాంకం తీయడమే అని ఈ రోజు మా బిడ్డే నాకు చెప్పింది. ధర ఉమ్మడి కారణాంకం, తూకాలు బ్రాకెట్‌లోనివి అని కాగితం మీద రాసి చూపింది. ఇక్కడ ఇంకొక మాట కూడా అడగమంటోంది, ఆమె చేతికే ఫోను ఇస్తున్నాను.

పరకాల రైతు (బిడ్డ రాస్తున్నది):

అందరికీ నమస్తే. − 8క² + 12క లో 4క బయటికి తీయాలా, − 4క తీయాలా? మా స్నేహితురాలు − 4క తీసింది, నేను 4క తీశాను. ఇద్దరి జవాబులూ వేరువేరుగా ఉన్నాయి.

హనుమకొండ లెక్కల టీచర్:

అమ్మా, 4క(− 2క + 3) కూడా ఒప్పే, − 4క(2క − 3) కూడా ఒప్పే. రెండింటినీ విడదీసి చూస్తే ఒకే సమాసం వస్తుంది. మొదటి పదం రుణాత్మకంగా ఉన్నప్పుడు రుణ గుర్తును కూడా బయటికి తీసి, లోపల మొదటి పదం ధనాత్మకంగా ఉండేలా రాయడం వాడుక. ఇది రాతలో తీరు మాత్రమే. కానీ రుణ గుర్తును బయటికి తీసినప్పుడు లోపలి ప్రతి పదం గుర్తూ మారుతుందని మరిచిపోకూడదు. + 12క లోంచి − 4క తీస్తే − 3 రావడం అందువల్లే.

ఈ గుర్తు మార్చడం ముందు ముందు బాగా పనికివస్తుంది. 5(చ − 4) − క(4 − చ) అని ఒక లెక్క వచ్చిందనుకో. చ − 4, 4 − చ వేరువేరుగా కనబడతాయి. 4 − చ అంటే − (చ − 4) అని గుర్తిస్తే సమాసం 5(చ − 4) + క(చ − 4) అవుతుంది. ఇప్పుడు బ్రాకెట్టే ఉమ్మడి కారణాంకం, జవాబు (చ − 4)(5 + క).

జమ్మికుంట ట్యూషన్ సార్:

పదవ తరగతి పిల్లలు చేసే ఒక తప్పు గురించి చెప్పాలి, దాని మూలం ఈ ఎనిమిదవ తరగతి ఒకటిలోనే ఉంది. (6క + 3)/3 ను కొందరు 2క అని రాస్తారు, కొందరు పై 3 ను కింది 3 తో కొట్టివేసి 6క అని రాస్తారు. లవంలో ముందుగా 3 ను ఉమ్మడిగా తీసి 3(2క + 1) అని రాసుకుంటే, కొట్టివేయదగినది బ్రాకెట్ బయట ఉన్న 3 మాత్రమేనని, మిగిలేది 2క + 1 అని స్పష్టంగా కనబడుతుంది. ఈ అలవాటు ఇప్పుడే పడితే రెండేళ్ల తరువాత ఆమెకు చాలా శ్రమ తగ్గుతుంది.

కొత్తవాడ మగ్గం:

చెల్లెలికి నా వంతుగా ఒక లెక్క ఇస్తున్నాను. 20క³చ − 30క²చ² − 10క²చ. చేసి, క = 2, చ = 3 పెట్టి సరిచూసి రాయాలి.

పరకాల రైతు (బిడ్డ రాస్తున్నది):

అన్నా, నేను మొదట 10క²చ(2క − 3చ + 1) అని రాశాను. ఈసారి ఒకటిని మరిచిపోలేదు. కానీ సరిచూస్తే కుదరలేదు. ఇచ్చిన సమాసం విలువ 480 − 1080 − 120, అంటే − 720. నా జవాబు 120 × (4 − 9 + 1), అంటే − 480. మళ్లీ చూస్తే ఒకటి ముందు గుర్తు తప్పుగా ఉంది. 10క²చ(2క − 3చ − 1) అని మార్చితే 120 × (− 6) = − 720 వచ్చింది.

కొత్తవాడ మగ్గం:

సరిగ్గా చేశావు చెల్లీ. ఒక ప్రశ్న. మొదటి లెక్కలో నువ్వు ఒకటిని వదిలినప్పుడు తేడా 42, అంటే బయట ఉన్న 7కచ విలువకు సమానంగా వచ్చింది. ఇప్పుడు తేడా 240. బయట ఉన్న 10క²చ విలువ 120 మాత్రమే. తేడా దానికి రెండింతలు ఎందుకు వచ్చింది?

పరకాల రైతు (బిడ్డ రాస్తున్నది):

అప్పుడు నేను ఒకటిని రాయడమే మరిచిపోయాను, అందుకని ఒక్క 42 తగ్గింది. ఇప్పుడు తీసివేయవలసిన 120 ను తీసివేయలేదు, పైగా ఇంకొక 120 కలిపాను. అందుకని రెండు 120 లు తేడా వచ్చాయి.